ఇరుసు మీద నీళ్ళు పోసిన దొర

లోహాలను పరీక్షించే పనిలో చేరబోతున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఏ పుస్తకం చదవాలి, ఏ పరికరం నమ్మాలి అని అడుగుతారు. అవి చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్ళు ఉన్నారు. నేను చెప్పగలిగింది వేరే సంగతి. ఈ ఉద్యోగంలో ఇనుముతో గడిపే సమయం తక్కువ. ఇనుము గురించి ముందే ఒక నిర్ణయానికి వచ్చేసిన మనుషులతో గడిపే సమయం ఎక్కువ. ఇనుము పాపం అడిగినదానికి జవాబిస్తుంది. పై అధికారి అడగకముందే జవాబిస్తాడు.

వంతెనలు, రైలు పెట్టెలు, పడవ ఇంజన్లు చాలా చూశాను. వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు, ఇరవైల దశాబ్దంలో, అనంతగిరి పైన ఒక కలప కంపెనీలో చేసిన కొలువు గురించి మాత్రమే రాస్తాను. నా విద్య అంతా అక్కడే వచ్చింది. ఆ తర్వాత చేసినదంతా దాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకోవడమే.

కంపెనీ, దొర, పంతులు

మాది శృంగవరపుకోట దగ్గర వ్యవసాయ కుటుంబం. మద్రాసులో ఇంజనీరింగు చదివి, ఒక రైలు వర్క్‌షాపులో కొన్నాళ్ళు పని నేర్చుకుని, కొండెక్కాను. కొండ మీద నరికిన దుంగలను కిందికి దించడానికి కంపెనీకి ఒక ఇనుపతాడు మార్గం ఉండేది. పైన ఒక పెద్ద చక్రం, దాని చుట్టూ తాడు, తాడుకు వేలాడే ఇనుప తొట్లు. దుంగలు నింపిన తొట్టి కిందికి జారుతుంటే ఆ బరువే అవతలి తొట్టిని పైకి లాగేది. ఇంజను అక్కర్లేదు. బ్రేకు పట్టుకునే మనిషి ఒకడుంటే చాలు. చక్రం ఒక లావాటి ఇరుసుకు బిగించి ఉండేది. చక్రంతో పాటు ఇరుసూ తిరిగేది.

మేనేజరు స్కాట్లండు నుంచి వచ్చినవాడు. ఆయన్ను అందరూ గొడుగు దొర అనేవాళ్ళం. ఆఫీసు గదిలో కూడా గొడుగు వేసుకుని కూర్చునేవాడు. పైకప్పు కారేది. ఆ పైకప్పు ఆయన దగ్గరుండి వేయించింది కాబట్టి, కారుతోందని ఒప్పుకోవడం కన్నా గొడుగు పట్టుకోవడమే ఆయనకు సులువు.

హెడ్ గుమాస్తా రామ్మూర్తి పంతులు. దొర మనసులో ఏముందో కనిపెట్టి, దొర నోరు తెరవకముందే ఆ మాట అనెయ్యడం ఆయన ప్రత్యేకత. దానివల్ల దొరకు తన ఆలోచనలన్నీ లోకమంతా ఒప్పుకున్న సత్యాల్లా కనిపించేవి.

నా కింద ఫిట్టరు ఎర్రన్న మేస్త్రి ఉండేవాడు. అనకాపల్లి మనిషి. సుత్తితో బాగుపడనిది ఏదైనా ఉంటే అది చెడిపోలేదని అతని నమ్మకం. దుంగలను తొట్లలోకి ఎక్కించేది దగ్గర పల్లెల ఆడవాళ్ళు. వాళ్ళకు పెద్ద సొమారి. సోమవారం పుట్టింది కాబట్టి ఆ పేరు. నా కన్నా పదేళ్ళు పెద్దది. దొరతోనైనా, దుంగతోనైనా ఒకే గొంతుతో మాట్లాడేది.

మొదటి విరుపు

నేను చేరిన కొద్ది నెలలకే ఇరుసు విరిగింది. కొండవాలంతా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్న రోజులవి. దుంగల తొట్టి సగం దారిలో ఉండగా పై స్టేషన్లో తుపాకి పేలినట్టు చప్పుడైంది. చక్రం పక్కకు ఒరిగింది. తాడు వదులై తొట్టి లోయలో పడింది. బ్రేకు దగ్గరున్న అప్పన్న చెయ్యి కర్ర కింద ఇరుక్కుని మోచేతి దగ్గర విరిగింది.

దొర విచారణ జరిపాడు. అప్పన్న తాగి ఉన్నాడని మొదట తేలింది. అప్పన్న బుద్ధెరిగిన దగ్గర్నించి కల్లు ముట్టనివాడని నేను చెప్పాను.

"అయితే ఆ రోజే మొదలుపెట్టి ఉంటాడు," అన్నాడు పంతులు.

విరిగిన ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాను. విరిగిన ముఖంలో చాలా భాగం ఏటి రాయిలా నున్నగా ఉంది. మిగిలిన కాస్తా బెల్లం అచ్చు పగలగొట్టినట్టు గరుకుగా ఉంది. గరుకు భాగం ఆ రోజు విరిగింది. నున్నటి భాగం ఎప్పటినుంచో లోపల్లోపల పాకుతూ వచ్చిన పగులు. ఇరుసు తిరిగినప్పుడల్లా పగులు ముఖాలు రెండూ ఒకదాన్నొకటి రాసుకుని నున్నబడ్డాయి. పగులు మొదలైంది ఇరుసు లావు హఠాత్తుగా తగ్గే మూల దగ్గర. అక్కడ కత్తితో కోసినట్టు చెక్కారు.

"అంటే ఇనుము అలిసిపోయిందంటావు," అన్నాడు దొర.

"అవునండి. ఒక్కసారి మోసే బరువుకు విరగదు. అంతకన్నా తక్కువ బరువే లక్షలసార్లు అటూ ఇటూ వంచితే విరుగుతుంది."

"దానికి పనేముంది, తిరగడమేగా. ఇక్కడ అలిసిపోవాల్సింది నేను."

పంతులు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, అది వేరే కారణానికి.

చివరికి అప్పన్నను తీసేశారు. కొండదేవతకు కోపం వచ్చిందని పంతులు సూచిస్తే, అంతవరకూ కొండవాళ్ళ పూజలు చూసి ముసిముసి నవ్వులు నవ్విన దొర వెంటనే ఒప్పుకుని మేకను కోయించాడు. హెడ్డాఫీసుకు మాత్రం 'స్థానిక పద్ధతిలో తగు జాగ్రత్తలు తీసుకోబడినవి' అని వెళ్ళింది.

ఆ సంగతి సొమారి నన్నే అడిగింది. "మా అమ్మోరు అడివిది, వానది. మీ ఇనుముతో దానికి ఏటి పని బాబూ? మేకని మీరు తినేసి పేరు దానికెట్టినారు."

కొత్త ఇరుసు వచ్చింది. పాతదానికన్నా లావు. మూల మాత్రం ఇంకా పదునుగా చెక్కించారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. ఇరుసు లావైంది కాబట్టి తొట్టికి వేసే దుంగలు కూడా పెంచెయ్యమన్నాడు దొర. పెరిగిన బలాన్ని పెరిగిన బరువు తినేసింది. పెద్ద కంపెనీలలో భద్రత ఎలా పెరుగుతుందో నాకు అప్పుడే అర్థమైంది.

వేడి చెప్పే సంగతి

ఒక ఇనుప తీగను పట్టుకుని ఒకే చోట అటూ ఇటూ వంచండి. వంచిన చోట వేలు పెడితే కాలుతుంది. ఇంకాసేపు వంచితే విరుగుతుంది. మీరు ఖర్చు పెట్టిన శక్తిలో ఎక్కువ భాగం వేడిగా బయటికి వచ్చేసింది. రాని కొద్దిపాటి భాగం లోపలే ఉండి తీగను చెడగొట్టింది. విరగబోయే లోహం ముందుగా వెచ్చబడుతుందంటే, ఆ వెచ్చదనాన్ని కొలిచి, విరగకముందే సంగతి తెలుసుకోవచ్చు కదా. అలాంటి ప్రయత్నాలు జరుగుతున్నాయని ఒక విదేశీ పత్రికలో చదివాను. కొంత బరువు వరకూ లోహం పెద్దగా వేడెక్కదట. ఆ హద్దు దాటితే వేడి ఒక్కసారిగా పెరుగుతుందట. ఆ హద్దు లోపల ఉన్నంతసేపు లోహం ఎన్నాళ్ళు తిరిగినా అలిసిపోదట.

మామూలుగా ఆ హద్దు తెలుసుకోవాలంటే ఎన్నో కడ్డీలను నెలల తరబడి తిప్పి తిప్పి విరగగొట్టాలి. వేడిని బట్టి అయితే ఒక్క కడ్డీతో ఒక్క పూటలో తేలిపోతుంది. కాగితం మీద.

నేనూ ఎర్రన్నా కోతమిల్లు షెడ్డులో ఒక మూల యంత్రం కట్టాం. విరిగిన ఇరుసు ముక్కలోంచి సన్నటి కడ్డీలు లేతు యంత్రం మీద చెక్కి తీశాం. మిల్లు బెల్టుతో కడ్డీ తిరుగుతుంది. దాని కొసన బేరింగుకు రాళ్ళ బుట్ట వేలాడుతుంది. రాళ్ళు పెంచితే వంపు పెరుగుతుంది. కడ్డీకి ఆనించిన రాగి తీగా ఇనుప తీగా కొసలు కలిపి, ముల్లున్న ఒక చిన్న మీటరుకు తగిలించాం. కడ్డీ వెచ్చబడితే ముల్లు కదులుతుంది.

మొదటి వారం అద్భుతంగా సాగింది. రాళ్ళు వేసిన కొద్దీ ముల్లు లేచింది. రాళ్ళు తీసేసినా లేచే ఉంది. ఎర్రన్న చెయ్యి పెట్టి చూసి చెప్పాడు: "ఏడెక్కింది కడ్డీ కాదు బాబూ, బేరింగు. నూనె మరిసిపోయినాం." లోహాల అలసట మీద నేను తీసిన మొట్టమొదటి ఫలితం నూనె లేకపోవడం.

నూనె పోశాక ఇంకో చిక్కు. కొండ మీద పొద్దున్నే మంచు షెడ్డులోకి కూడా వచ్చేస్తుంది. మధ్యాహ్నానికి ఎండ. సాయంత్రం లోయ గాలి. అదే కడ్డీ, అదే బరువు, మంచులో చల్లగా, ఎండలో వెచ్చగా ఉండేది. ఒకరోజు దొర వచ్చి ఆ అంకెలు చూశాడు.

"చూశావా, మంచు రోజుల్లో ఇనుము అలిసిపోవడం లేదు. ఈ కొండ వాతావరణం ఇనుముకు మంచిది."

"లేదండి. మంచు రోజుల్లో వేడిని గాలి పట్టుకుపోతోంది. అలసట అలాగే ఉంది."

"కనిపించనిది ఉందని ఎలా అంటావు?"

ఆ ప్రశ్న మంచిదే. దొర జవాబు కోసం అడగలేదు, అంతే. నేను మాత్రం దాని మీద చాలా పనిచేశాను. యంత్రం హఠాత్తుగా ఆపి, కడ్డీ ఎంత తొందరగా చల్లారుతుందో చూడటం మొదలుపెట్టాను. గాలి ఎంత వేడిని తీసుకుపోతోందో దానివల్ల తెలుస్తుంది. పక్కనే అలాంటిదే ఇంకో కడ్డీ, బరువు లేకుండా, అదే గాలిలో తిప్పాను. రెండింటి తేడాయే లెక్కలోకి తీసుకున్నాను. కడ్డీల చుట్టూ గొంగళి తడిక కట్టాం. అప్పుడు ముల్లు బుద్ధిగా మాట్లాడింది. కొంతవరకూ మెల్లగా లేచి, ఒక బరువు దగ్గర మెడ ఎత్తినట్టు పైకి పోయింది. ఆ హద్దును ఇరుసు మూలకు అన్వయించి చూస్తే, దొర వేయిస్తున్న దుంగలకు ఇరుసు హద్దు దాటే ఉంది.

వెదురు కాలువ

రెండు మార్గాలు చెప్పాను. దుంగలు తగ్గించడం. పదును మూల ఉన్న ఇరుసు తీసేసి, మూలను గుండ్రంగా మలిచిన ఇరుసు వెయ్యడం. దొర అంతా విన్నాడు. ఆయన చెవిలో పడింది ఒకే ఒక్క మాట.

"అంటే చిక్కంతా వేడి వల్ల."

"వేడి వల్ల కాదండి. వేడి చిక్కును చూపిస్తుంది."

"వేడి తగ్గిస్తే సరి," అన్నాడు పంతులు, దొర కన్నా ఒక క్షణం ముందు.

మర్నాడే పైన ఉన్న సెలయేటి నుంచి వెదుళ్ళు చీల్చి కాలువ కట్టించారు. నీళ్ళు సరిగ్గా ఇరుసు మూల మీద పడేవి. దొర స్వయంగా చెయ్యి పెట్టి చూశాడు. మంచులా చల్లగా ఉంది. నా మీటరు తెప్పించి పెట్టించాడు. ముల్లు కదల్లేదు. హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఇరుసు అలసటను జలధారతో నివారించే పద్ధతిని కనిపెట్టినవాడిగా దొర పేరు కలకత్తా వరకూ పాకింది. డైరెక్టరు దొర స్వయంగా చూడ్డానికి వస్తానన్నాడు.

ఆ సంతోషంలో మా దొరకు ఇంకో ఆలోచన వచ్చింది. డైరెక్టరు ఎదుట తొట్లలో మనుషులను దింపి చూపించాలని. తను, డైరెక్టరు ముందు తొట్టిలో, కూలి ఆడవాళ్ళు వెనక తొట్లలో. తర్వాత వారం వారం సంతకు వెళ్ళే ఆడవాళ్ళను అలాగే దించితే, నడిచి అలిసిపోకుండా మర్నాడు పొద్దున్నే పనికొస్తారని లెక్క.

ఆ మాట కొండంతా పాకింది. సొమారి నా దగ్గరికి వచ్చింది.

"ముందు తొట్టిలో మా కోడల్ని కూకోబెట్టు బాబూ. నెలలు నిండొత్తన్నాయి. కొండ దిగలేకపోతంది."

"వద్దు సొమారీ. ఎవరూ ఎక్కొద్దు."

"ఏల?"

"ఇరుసు విరుగుతుంది."

"ఎప్పుడు?"

"అది చెప్పలేను."

"విరుగుద్దని తెలుసు, ఎప్పుడో తెల్దు. మా ఊళ్ళో పూజలు సేసే గురవడూ అలాగే సెప్తాడు, వాన పడుద్దని." ఆమె నవ్వలేదు. "పసుపు గంపా, ఇస్తళ్ళు కుట్టే అడ్డాకు మోపూ నెత్తినెట్టుకుని సంతకి దిగి, ఉప్పూ కిరసనాయిలూ మోసుకుని మళ్ళీ ఎక్కేది మేం. నువ్వు కాదు. తొట్టి ఖాళీగా పైకి తిరిగొత్తా ఉంటే సూత్తా నడుత్తన్నాం. ఇప్పుడు ఎక్కమంటే నువ్వొద్దంటన్నావు."

అంతవరకూ నేను ఆ తాడును దుంగల కోసం అనుకున్నాను. ఆమె రోజూ దాన్ని చూసి ఏమనుకుంటోందో నాకు తట్టనే లేదు.

"దొర ఎక్కుతాడా?" అంది చివరికి.

"ఎక్కుతానంటున్నాడు."

"అయితే దొర ముందెల్లనీ. కిందకి సేరినాక మేం ఎక్కుతాం."

ఆ మాటతో నాకు కొంత ధైర్యం వచ్చింది. కొంతే. దొర తొట్టి కిందికి క్షేమంగా చేరినంత మాత్రాన వెనక తొట్టి చేరుతుందని లేదు. అలసట ఎవరి వంతు ఎప్పుడో చూసుకోదు.

రెండు కడ్డీలు

డైరెక్టరు రావడానికి ఇంకా వారాలున్నాయి. దొరను ఒప్పించడానికి ఒకే దారి కనిపించింది. ఒకే ఇనుము నుంచి తీసిన రెండు కడ్డీలను ఒకే బరువుతో తిప్పాను. ఒకటి పొడిగా. రెండోదాని మీద సన్నటి నీటి ధార, దొర పద్ధతిలోనే. నీళ్ళు పోసినా పొయ్యకపోయినా రెండూ ఇంచుమించు ఒకేసారి విరుగుతాయని దొరకు ముందే చెప్పాను. దొర రోజూ టీ కప్పు పట్టుకుని వచ్చి చూసేవాడు. పొడి కడ్డీ వెచ్చగా, తడి కడ్డీ చల్లగా.

"నాది చల్లగా ఉంది," అనేవాడు. అప్పటికే దాన్ని 'నాది' అనడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం ఆయన అక్కడే నిలబడి ఉండగా టక్కుమని విరిగింది. చల్లటి కడ్డీ. వెచ్చటిది ఇంకా తిరుగుతూనే ఉంది, మరి కొన్ని రోజులు తిరిగింది కూడా.

నేను దొర కన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాను. రెండూ కలిసి విరుగుతాయన్నాను గానీ తడిది ముందు విరుగుతుందని అనుకోలేదు. నీళ్ళూ గాలీ కలిసి పగులు పుట్టే చోటనే తినేసి, దాని పని సులువు చేస్తాయని, ఆ తర్వాతి సంవత్సరాల్లో బయటి దేశాలవాళ్ళు రాసినవి చదివి తెలుసుకున్నాను. ఆ రోజు తెలిసింది ఇంతే: దొర నీళ్ళు ఇరుసును కాపాడటం లేదు, తొందరగా చంపుతున్నాయి. పైగా అది చచ్చేదాకా చల్లగా ఉంచి, మనకు సంగతి తెలియకుండా చేస్తున్నాయి.

దొర విరిగిన ముక్కను చాలాసేపు తిప్పి చూశాడు. నాకు ఆశ పుట్టింది.

"ఈ సెలయేటి నీళ్ళు మంచివి కావు," అన్నాడు. "కింద నుంచి తెప్పించాలి."

పంతులు ఉపన్యాసం

డైరెక్టరు దొర డోలీలో వచ్చాడు. పెద్ద మనిషి, మెత్తటి మాట. కొత్త బూట్లు వేసుకున్నాడు. పై స్టేషన్ను మామిడాకులతో అలంకరించారు. సొమారి, ఆమె వెంట ఉన్న ఆడవాళ్ళు జడల్లో పూలు పెట్టుకుని తొట్ల పక్కన నిలబడ్డారు. కోడలు కూడా వచ్చింది. కడుపు మీద చెయ్యి వేసుకుని ఒక రాయి మీద కూర్చుంది.

ముందు రోజు దొర నన్ను పిలిచి, డైరెక్టరుతో అలసట గురించి ఒక్క మాట మాట్లాడినా కొండ దిగి వెళ్ళిపోవాల్సి ఉంటుందని చెప్పాడు. నేను మాట్లాడదలుచుకోలేదు. బ్రేకు కర్రకు పొడవాటి తాడు కట్టి, ఎర్రన్నను చక్రానికి దూరంగా నిలబెట్టాను. ఆ తర్వాత దొర దగ్గరికి వెళ్ళి, నీళ్ళు చింది డైరెక్టరు గారి బూట్లు పాడవుతాయేమో అన్నాను.

దొర ఆ బూట్ల వంక చూశాడు. "కాలువ పక్కకు తిప్పు," అన్నాడు.

చాలా నెలల తర్వాత మొదటిసారి ఇరుసు పొడిగా తిరిగింది. నిండు దుంగలతో తొట్లు పోతూ ఉన్నాయి. అప్పుడు పంతులు స్వాగతోపన్యాసం మొదలైంది. కొండల సౌందర్యం, కంపెనీ కారుణ్యం, దొర మేధాశక్తి, డైరెక్టరు గారి పూర్వీకుల గొప్పతనం అన్నీ వచ్చాయి. ఎంతకీ ముగియలేదు. పంతులు జీవితంలో చేసిన ఉపన్యాసాలన్నిటి వల్లా లోకానికి జరిగిన మేలు అదొక్కటే. అంతసేపూ ఇరుసు వెచ్చబడుతూ ఉంది.

ఉపన్యాసం అయ్యాక, చక్రం ఆపించి, జలధార పద్ధతి ఫలితాన్ని చేత్తో తాకి చూడమని డైరెక్టరును పిలిచాను. దొర ముఖం వెలిగింది. ఆయన కాలువ సంగతి మర్చిపోయాడు.

డైరెక్టరు ఇరుసు మధ్యన చెయ్యి వేశాడు. "చల్లగా ఉంది." చెయ్యి జరుపుతూ మూల దగ్గరికి వచ్చాడు. ఆగాడు. "ఇక్కడ వెచ్చగా ఉందేం?"

"ఎండండి," అన్నాడు పంతులు.

ఆకాశమంతా మంచు. డైరెక్టరు ఒకసారి పైకి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అడిగితే జవాబు చెప్పొద్దని దొర అనలేదు కదా.

"ఆ ఒక్క చోటే వెచ్చగా ఉందంటే అక్కడ పగులుందండి. ముఖాలు రాసుకుంటున్నాయి. ఎర్రటి పొడి కూడా రాలుతోంది చూడండి."

డైరెక్టరు వేలికి అంటిన పొడిని రుమాలుతో తుడుచుకున్నాడు. లోయ వంక చూశాడు. ఎత్తైన చోట్లకు వెళ్ళవద్దని తన డాక్టరు చెప్పిన సంగతి అప్పుడే గుర్తొచ్చిందన్నాడు. మా దొర అప్పటికే ఒక కాలు తొట్టిలో పెట్టి ఉన్నాడు. ఆ కాలు ఎంత మర్యాదగా వెనక్కి వచ్చిందో చెప్పలేను.

"ముందు దుంగలు వెళ్ళనివ్వండి," అన్నాడు డైరెక్టరు.

నేను ఆడవాళ్ళను పక్కకు రమ్మన్నాను.

"పొద్దుగాల్నించి నిలబెట్టి ఇప్పుడొద్దంటారేటి?" అంది సొమారి.

"దొర దిగిపోయాడు, చూడు."

ఆమె చూసింది. కోడలి చెయ్యి పట్టుకుని లేపి, గట్టు మీదికి తీసుకుపోయింది. మిగిలినవాళ్ళు ఆమె వెనకే వెళ్ళారు.

దొర తన పద్ధతి మీద నమ్మకంతో తొట్టికి పట్టినన్ని దుంగలు వేయించాడు. చక్రం కదిలింది. ఎర్రన్న దూరం నుంచి బ్రేకు తాడు పట్టుకున్నాడు. ఆ తొట్టి కిందికి చేరింది. రెండోది చేరింది. డైరెక్టరు టీ అడిగాడు. పంతులు నా వంక చూసి చిరునవ్వు నవ్వాడు. ఆ క్షణంలో ఇరుసు విరగాలని నేను కోరుకున్నానా అంటే, కోరుకోలేదు. నా ఉద్యోగం పోయినా సరే, అది విరగకుండా ఉంటే ఆ కోడలు నడవక్కర్లేదు కదా అనిపించింది.

మూడో తొట్టి లోయ మధ్యకు చేరేసరికి విరిగింది. చక్రం ఒరిగి మామిడాకుల పందిరిని లాక్కుపోయింది. దుంగలు లోయలో పడుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఎర్రన్న చేతిలో తాడు ముక్క మిగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సొమారి గట్టు మీద కూర్చుని, కోడలి తల తన ఒడిలో పెట్టుకుని, లోయ వంక చూస్తూ ఉండిపోయింది.

హెడ్డాఫీసు రికార్డులో ఆ రోజు ఇలా ఉంది: గౌరవనీయ డైరెక్టరు గారి సమక్షంలో జరిపిన భగ్న పరీక్ష సంతృప్తికరంగా ముగిసినది.

తర్వాత

డైరెక్టరు వెళ్ళేముందు, నేను చెప్పిన ఇరుసు వేయించమన్నాడు. మూల గుండ్రంగా మలిపించి తెప్పించాం. దుంగలు తగ్గించాం. వెదురు కాలువను దొర తన తోటకు తిప్పుకున్నాడు. అక్కడ బంగాళాదుంపలు బాగా కాశాయి. ఆ పద్ధతి ఎక్కడైనా పనికొచ్చిందంటే అక్కడే. అప్పన్నను మళ్ళీ పనిలోకి తీసుకోమని అడిగాను. తాగుబోతును ఎలా తీసుకుంటామన్నాడు పంతులు. ఇంకోసారి అడిగాను, ఫలితం లేదు. అప్పన్న వంకర చేతితో పాచిపెంట వైపు వెళ్ళి, అక్కడ బంధువుల పొలంలో కుదురుకున్నాడని విన్నాను. ఇరుసును సరిచేసినంత సులువుగా విచారణలను సరిచెయ్యలేం.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక్క మాట. వేడి కనపడకపోతే లోహం బాగుందని రాసెయ్యకండి. వేడి పుట్టలేదా, పుట్టి ఎటైనా పోయిందా అని ముందు అడగండి. గాలి తీసుకుపోతుంది, నీళ్ళు తీసుకుపోతాయి. ఒక్కోసారి పై అధికారి తీసుకుపోతాడు. శక్తి ఎక్కడికి పోయిందో లెక్క తేలేదాకా సంతకం పెట్టకండి.

కొత్త ఇరుసు వేసిన కొన్ని వారాలకు సొమారి వచ్చింది. సంత రోజు పొద్దున. నెత్తి మీద అడ్డాకు మోపు. కోడలికి ప్రసవమైంది, ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డను వీపున కట్టుకుని కోడలూ వెంట ఉంది.

"ఇప్పుడు విరగదా బాబూ?"

"విరగదు."

"అయితే ఎక్కొచ్చా?"

"మనుషులను ఎక్కించకూడదని కంపెనీ కొత్తగా రూలు పెట్టింది."

ఆమె మోపు దించింది. "విరిగిపోయేటప్పుడు ఎక్కమన్నారు. విరగనప్పుడు ఎక్కొద్దంటన్నారు. ఇదేటి సదువు బాబూ?"

దొర ఆ రోజు విశాఖపట్నం వెళ్ళాడు. పంతులు వెంట వెళ్ళాడు. నేను ఎర్రన్న వంక చూశాను. ఎర్రన్న బ్రేకు వంక చూశాడు.

"దుంగలతో కాసేపు తిప్పు," అన్నాను.

చాలాసేపు తిప్పాం. ఇరుసు పొడిగా ఉంది. మూల దగ్గరా, మధ్యనా, కొసనా చెయ్యి పెట్టి చూశాను. అంతటా ఒకేలా చల్లగా ఉంది. ఆ చల్లదనం ఎవరూ పోసింది కాదు. ఖాళీ తొట్టి తెప్పించి, అడుగున గొంగళి పరిచాను. మొదట నేను ఎక్కాను. కింది స్టేషనులో దిగి, జెండా ఊపించి, తొట్టి వెనక్కి పంపాను.

కింద నుంచి చూస్తుంటే మంచులోంచి మొదట తాడు, తర్వాత తొట్టి, తర్వాత దాని అంచును రెండు చేతులతో పట్టుకున్న సొమారి కనిపించింది. కళ్ళు మూసుకుని ఉంది. కోడలు మూసుకోలేదు. బిడ్డ నిద్రపోతోంది. తొట్టి ఆగాక కూడా సొమారి కాసేపు దిగలేదు. నేను చెయ్యి ఇచ్చాను. దిగి, మోపు సర్దుకుని, వెనక్కి తిరిగి కొండ మొత్తం ఒకసారి చూసింది.

"దిగడం బాగానే ఉంది బాబూ," అంది. "బరువుతో ఎక్కడం మాటేటి?"

ఆ సాయంత్రం పైకి వెళ్ళాల్సిన కంపెనీ ఉప్పు బస్తాలు రెండు కింది స్టేషనులోనే ఉండిపోయాయి. వాటికి బదులు ఆ ఇద్దరూ, బిడ్డా తమ ఉప్పూ కిరసనాయిలూ తీసుకుని పైకి వెళ్ళారు.